మూడో పిలుపు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్లిపోతాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకు జరిగింది. ఈ చెవులతో విన్నాను. ఒక్క ముక్క కల్పించినా నా గొంతు పడిపోవాలి. రేడియో నడిపేవాడు అంతకంటే పెద్ద ఒట్టు ఏం పెట్టుకుంటాడు?

విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్నకు చేనేత బట్టల కొట్టు ఉంది. పైన సరుకు గది. నాలుగు గోడలకూ పంచెల మూటలు, చీరల బేళ్లు. ఆ గదిలో మాట్లాడితే గొంతు గోడకు తగిలి తిరిగి రాదు. బయట లారీ హారన్ కొట్టినా లోపలికి వినపడదు. ఇంతకంటే మంచి స్టూడియో ఎక్కడ దొరుకుతుంది? ఒక లాప్‌టాప్, ఒక మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఇంటర్నెట్ రేడియో మొదలుపెట్టేశాను. "చీరల మధ్య కూర్చుని వీడిలో వీడే మాట్లాడుకుంటున్నాడు, ఎవరికైనా చూపించండి" అని నాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

నా రేడియో వినేది రాత్రి మేలుకునే జనం. కొండపల్లి థర్మల్‌లో నైట్ షిఫ్ట్ వాళ్లు, ఆటోవాళ్లు, చేపల చెరువుల కాపలా వాళ్లు. పేరు, ఊరు వాట్సాప్‌లో పంపిస్తారు. నేను పేరు పెట్టి పిలిచి, అడిగిన పాట వేస్తాను. అంతే కార్యక్రమం. దానికే అమ్మ గొడవ పెట్టుకుంది.

"రాత్రిపూట జనాన్ని పేరు పెట్టి పిలుస్తావేంట్రా? పిలిస్తే మూడుసార్లు పిలువు. ఒకటి రెండుసార్లు పిలిచి ఆపేసేవి మనుషులు కాదు. అందుకే మూడో పిలుపు దాకా పలక్కూడదంటారు."

"సరేనమ్మా. నేను మనిషినేనని రోజూ నిరూపించుకుంటాలే" అన్నాను.

వెటకారానికే మొదలుపెట్టాను. ప్రతి పేరూ మూడుసార్లు, సాగదీసి పిలిచేవాణ్ణి. జనానికి అదే తెగ నచ్చింది. అందరికంటే ఎక్కువగా నచ్చింది కోటేశ్వరరావు గారికి. ఆయనది కంకిపాడు. చేపల చెరువు దగ్గర రాత్రి కాపలా. నేను మూడోసారి పిలవగానే వాయిస్ మెసేజ్ పెట్టేవారు. "ఆఁ... ఇక్కడే ఉన్నానండీ." వెనకాల, చేపలకు గాలి అందాలని చెరువులో తిరిగే ఏరియేటర్ల చప్పుడు. తపతప తపతపమని నీళ్లు కొడుతూ ఉండేవి. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆ "ఆఁ" మాత్రం నిద్రలో వినిపించినా గుర్తుపడతాను.

కొన్నాళ్లు ఆయన మెసేజ్ రాలేదు. తర్వాత ఒక రాత్రి ఆ నంబరు నుంచే ఆడమనిషి గొంతు వచ్చింది.

"అన్నయ్యగారూ, నేను కోటేశ్వరరావు గారి భార్యనండీ, ధనలక్ష్మిని. ఆయన చెరువుగట్టు మీద పడిపోయారండీ. తలలో రక్తం గడ్డకట్టిందంటున్నారు. విజయవాడ ఆస్పత్రిలో ఉన్నాం. నేనెంత పిలిచినా పలకట్లేదండీ. మీరు పిలిస్తే రోజూ పలికేవారు కదా... ఒక్కసారి పిలవండి. ఫోన్లో మీ రేడియో పెట్టి చెవి దగ్గర ఉంచుతాను. నర్సమ్మ ఒప్పుకుంది."

నేనేమన్నా డాక్టర్నా? కానీ కాదని ఎలా అంటాం? వేస్తున్న పాట మధ్యలోనే ఆపేశాను. మైకు దగ్గరకు లాక్కున్నాను.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మాట్లాడిన మాట వినేవాళ్లకు వెంటనే చేరదు. ఇంటర్నెట్ రేడియో అంతే. అరనిమిషం ఆలస్యంగా వినపడుతుంది.

"కోటేశ్వరరావు గారూ..."

ఆగాను. గది అంతా నిశ్శబ్దం. బట్టల గది నిశ్శబ్దం మీకు తెలియదు. మన ఊపిరి మనకే పెద్దగా వినపడుతుంది.

"కోటేశ్వరరావు గారూ..."

"ఆఁ..."

హెడ్‌ఫోన్లలో వినపడింది. దూరం నుంచి కాదు. మైకుకు అటువైపు, నాకు మూరెడు దూరంలో... ఎవరో కూర్చుని పలికినట్టు.

స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత ఒకటుంటుంది. మైకులో మాట పడితే పైకి లేస్తుంది. అది లేచింది. నా నోరు మూసే ఉంది.

గీత పూర్తిగా కిందికి దిగలేదు. సన్నగా వణుకుతూనే ఉంది. చెవులు రిక్కించాను. తపతప... తపతప... నీళ్ల చప్పుడు. హెడ్‌ఫోన్లు తీశాను. గదిలో ఏమీ లేదు. మూటలు, బేళ్లు, ఎదురుగా ఖాళీ. మళ్లీ పెట్టుకున్నాను. తపతప... తపతప... ఏదో నాకోసం ఆగి ఉంది. నేను తర్వాత ఏమంటానా అని చూస్తోంది.

అప్పుడు తట్టింది. నా మొదటి పిలుపే ఇంకా ఆస్పత్రికి చేరి ఉండదు. ఆయన చెవిలో పడకముందే పలికింది ఎవరు?

మూడోసారి పిలవాలి. నోరు తెరిచాను. ‘కో’ అన్న అక్షరం కూడా రాలేదు. చెయ్యి దానంతట అదే పోయి పాట నొక్కేసింది. హెడ్‌ఫోన్లు అక్కడే పడేసి, మెట్లు దిగి, కొట్టు అరుగు మీద కూలబడ్డాను. ఇంతలో ఫోన్ మోగింది. ధనలక్ష్మి గారు.

"రెండోసారి పిలవగానే పెదాలు కదిలాయండీ. నేను చూశాను. రేడియోలో ‘ఆఁ’ అన్నది కూడా ఆయన గొంతేనండీ. పాతికేళ్ల కాపురం, నాకు తెలీదా? మూడోది పిలవలేదేం అన్నయ్యగారూ? పిలవండీ..."

నేను విన్నానని ఆవిడకు నేను చెప్పలేదు. ఆవిడే ముందు చెప్పింది. ఇది మాత్రం గమనించండి.

పాల వ్యాన్లు తిరిగేదాకా ఆ అరుగు మీదే ఉన్నాను. తెల్లారాక రికార్డింగ్ విన్నాను. నా రెండు పిలుపులున్నాయి. తర్వాత ఏమీ లేదు. కుర్చీ జరిగిన చప్పుడు, పాట.

అమ్మకు చెప్పాను. "రెండుసార్లు పిలిచి ఆపేసింది నువ్వే కదరా" అంది. అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పలికిందేమిటో అని నేను హడలిపోతున్నాను. ఆయనకు నేనేమిటో నాకు తట్టనే లేదు.

ఆస్పత్రివాళ్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. కంకిపాడు వెళ్లి చూశాను. పట్టపగలు. మంచం మీద ఆయన. ఊపిరి ఆడుతోంది, కళ్లు మూతపడి ఉన్నాయి. పక్కన నిలబడి మూడుసార్లూ పిలిచాను. గట్టిగానే పిలిచాను. పలకలేదు.

ధనలక్ష్మి గారు తల అడ్డంగా ఊపారు. "ఇక్కడ పిలిస్తే లాభం లేదండీ. ఆయన ఇక్కడ లేరు. మీ గదిలోనే ఆగిపోయారు. అక్కణ్ణించి పిలవండి."

"అమ్మా, అది ఆయన కాకపోతేనో?" అన్నాను.

ఆవిడ తడిగుడ్డ పిండి ఆయన మొహం తుడుస్తున్నారు. తలెత్తలేదు. "ఎవరొచ్చినా నేను చూసుకుంటాను. మీరు పిలవండి చాలు."

అప్పట్నుంచి రేడియోలో పాటలే వస్తున్నాయి, మీరూ గమనించే ఉంటారు. కింద కొట్లో కూర్చుని ఫోన్లోంచే నడుపుతున్నాను. పైకి వెళ్లలేదు. వెళ్దామని రెండు మెట్లు ఎక్కి దిగిపోయిన రోజులున్నాయి. అది ఆయనో కాదో నాకిప్పటికీ తెలియదు.

ఆవిడ దగ్గర్నుంచి రోజూ రాత్రి ఒక వాయిస్ మెసేజ్ వస్తుంది. బతిమాలటం మానేశారు. అందులో మాటలుండవు. ఆయన ఊపిరి చప్పుడు ఒక్కటే ఉంటుంది... ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారని నాకు తెలియాలని.