ఒళ్లో వేసుకున్న సముద్రపు నత్త

తెల్లవారి ఆరు గంటల బస్సుకి శృంగవరపుకోటలో ఎక్కాం, నేనూ, తొమ్మిదేళ్ల నా కూతురు పైడమ్మా. కోతలూ నూర్పులూ అయిపోయిన మాఘమాసం. మా చెల్లెలు నరసమ్మని కోటబొమ్మాళి అవతల సముద్రపొడ్డు పల్లెలో ఇచ్చి ఆరేళ్లయింది. దాని ఇల్లు నేను చూడనేలేదు. "ఎల్లిరా, ధాన్యం సంగతి నాను సూసుకుంతాను" అని మా ఆయన సంచీ అందించాడు. సముద్రం ఎలా ఉంటుందో నాకు తెలియదు. వరిమడిలో మోకాలి లోతు నీళ్లే నాకు తెలిసిన నీళ్లు.

ఏడున్నరకి విజయనగరంలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. పిల్లకి అరటిపండు. తొమ్మిది గంటల పాసింజరు పదింపావుకి వచ్చింది. ఆ దారిన వెళ్లేవారు మంచినీళ్ల మరచెంబు మరిచిపోకండి, బండి ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో చెప్పలేం. మా ఎదుట ఎండుచేపల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. మేం సముద్రం చూడబోతున్నామని విని, "సూడండి గానీ, అక్కడేది ఒట్టుకున్నా అడిగి ఒట్టుకోండమ్మా" అంది.

"ఎవుల్ని అడగాలి, సముద్రాన్నా?" అని పక్కనున్న తమలపాకుల వ్యాపారి నవ్వాడు.

"నవ్వు నాయనా, నీకేటి? ఆకులు కరవవు కదా" అందామె.

పెట్టెలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కోటబొమ్మాళిలో దిగేసరికి ఒంటిగంట దాటింది. మా మరిది సింహాచలం, అంటే నరసమ్మ పెనిమిటి, ఎడ్లబండి తెచ్చాడు. రెండు గంటల ప్రయాణం. ఇల్లు కనబడకముందే తెల్లటి గుట్టలు కనబడ్డాయి. దగ్గరికెళ్తే అన్నీ గుల్లలు! మరిదికి సున్నం బట్టీ ఉంది. ఏరు సముద్రంలో కలిసే మొగలోనూ ఒడ్డునా ఏరిన గుల్లల్ని కాల్చి సున్నం చేసి అమ్ముతాడు.

కాళ్లు కడుక్కోగానే పైడమ్మని గుట్ట దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కటే చూపించాడు. మెలితిరిగినవి శంఖాలు, నత్తగుల్లలు. నున్నగా మెరిసేవి గవ్వలు. రెండు తలుపుల్లా తెరుచుకునేవి ఆల్చిప్పలు. కంసాలులు అడిగి పట్టుకెళ్లే తెల్లటి తేలిక ముక్క ఒకటి ఉంది, సముద్రపు నురుగు అంటారు. అది నురుగు కాదట, ఈదుకుంటూ తిరిగే ఒక జంతువు ఒంట్లోపల ఉండే పెంకట.

"వొదినా, ఇవన్నీ ఒకే ఇంటోళ్లు" అన్నాడు మరిది. "ఒంట్లో ఎముకుండదు, మెత్తటి కండే. కొన్ని ఇల్లు ఈపున మోత్తాయి, కొన్ని తలుపేసుకు కూకుంటాయి. ఎనిమిది సేతుల్ది ఒకటున్నాది, దానికి ఇల్లే నేదు. అదీ ఈటి సుట్టమేనని మా బడి మేష్టారు సెప్పినారు."

"మా మడిలో నత్తో, సిన్నానా?" అంది పైడమ్మ.

"అదీ సుట్టమే మరి."

ఆ మాట నా మనసులో గట్టిగా కూర్చుంది. ఊడ్పుల వేళ మేం మడిలో కనబడిన నత్తనల్లా తీసి ఒళ్లో వేసుకుంటాం. సాయంత్రానికి ఒడి నిండుతుంది. ఉడకబెట్టి, ముల్లుతో కండ తీసి ఇగురు పెడతాం, కళ్లకి మంచిదని పిల్లలకి తినిపిస్తాం. నడక నేర్చిన దగ్గర్నుంచి పైడమ్మకి అదే అలవాటు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఒడ్డుకి వెళ్లాం. ఇసక దిబ్బ ఎక్కగానే నా కాళ్లు ఆగిపోయాయి. అంత నీరు నా వైపే లేచి వస్తున్నట్టుంది. పిల్ల చెయ్యి నేను వదల్లేదు. నలభైమంది దాకా పెద్ద వల ఒడ్డుకి లాగుతున్నారు. వల విప్పాక చేపలు గంపల్లోకి, పనికిరానివి ఇసక మీదకి. ఆ పారేసినవాటిలో పైడమ్మకి ఒక గుల్ల దొరికింది. బొటనవేలంత పొడవు, ఒక వైపు సన్నం, బంగారు రంగు మీద గోధుమరంగు వల అల్లినట్టు గీతలు. అంత అందమైనది గుట్టలో కూడా చూడలేదు. లోపల కండ కదులుతోంది.

"అమ్మా, బతికున్నాది!"

"నత్తే కదే. ఒళ్లో ఏసుకో, పిన్నికి సూపిద్దాం" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

పిల్ల పరికిణీ చెంగులో వేసుకుని కింద చెయ్యి పట్టుకుంది. పది అడుగులు నడిచిందో లేదో, "సీమ కుట్టినట్టున్నాదమ్మా" అంది. వేలు చూశాను. సూది మొన గుచ్చినంత చుక్క. నోట్లో పెట్టుకోమన్నాను. కాసేపటికి, "ఏలు నేకుండా పోనట్టున్నాది. పెదాలు లావైపోనాయి" అంది.

గంప ఎత్తుకుంటున్న నూకాలు అనే ఆమె ఆ మాట విని వచ్చి చెంగులోకి చూసింది. గంప కింద పడేసి, చెంగు దులిపి గుల్లని కాలితో తన్నింది.

"ఓలమ్మో! ఎవుల్లే దీన్ని ఒళ్లో ఎట్టుకోమన్నాది?"

"నేనే" అన్నాను.

"నీ బుద్ధి మండా! ఇది నోట్లోంచి సూది ఇసుర్తాది. మా పినమావ దీనికే పోనాడు. గుంటని నిద్దరోనీకు. ఊపిరి సూసుకో. రొమ్ము ఎగరడం ఆగితే నోట్లో నోరెట్టి ఊదు. పొండి, నిలబడిపోతారేటి!"

మరిది బండి కట్టాడు. పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. కోటబొమ్మాళి డాక్టరు దగ్గరికి మళ్లీ అదే రెండు గంటల దారి. నిన్న ఆ దారిన తాటితోపులు, ఉప్పు మడులు అన్నీ చూశాను. ఆ పూట పిల్ల గుండె మీద నా అరచెయ్యి తప్ప ఏమీ చూడలేదు. కనురెప్పలు వాలిపోతున్నాయి. "అమ్మా, ఇద్దరున్నావు" అంది. నరసమ్మ ఏడుస్తూనే దాన్ని పలకరిస్తోంది: "పైడీ, సిన్నాన సూపించినవి సెప్పవే. మెలితిరిగినది ఏటి?"

"శంకం."

"మెరిసినది?"

"గవ్వ."

"తలుపులున్నది?"

"ఆల్చి..." అని నాలుక ఆగిపోయింది. నా చేతి కింద రొమ్ము లేచీ లేవనట్టుంది. "ఎద్దుల్ని తోలు బాబూ!" అని అరిచాను. మరిది వెనక్కి తిరిగి చూడలేదు, చూడటానికి అతనికీ భయమే.

డాక్టరుగారు పదకొండున్నరకి పిల్లని చూశారు. "దీనికి విరుగుడు మందు లేదమ్మా. ఊపిరి ఆడించుకుంటూ విషం దిగేదాకా కాయాలి. సాయంత్రానికి తెలుస్తుంది" అన్నారు. ఒక కాంపౌండరుని తలదగ్గర నిలబెట్టారు. రెండుసార్లు ఊపిరి అందనప్పుడు గాలితిత్తిలాంటిది ముక్కు మీద పెట్టి నొక్కారు. అన్నం పొట్లం ఎవరో తెచ్చి పెడితే చీమలు పట్టాయి. నేను నేల మీద కూర్చుని పిల్ల పొట్ట లేవడం లెక్కపెట్టాను. నాకు వంద దాకానే వచ్చు. వంద అయితే మళ్లీ ఒకటి.

అయిదు గంటలకి పైడమ్మ గట్టిగా ఊపిరి పీల్చి, "నీలు" అంది. డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు.

రెండు రోజులు అక్కడే ఉంచి, మూడోనాడు పొద్దున్న పదింటి బండికి ఎక్కించారు. నరసమ్మ నా చెయ్యి వదల్లేదు. "మళ్లీ రావేమో అప్పా" అంది. పిల్ల నడుస్తోంది, తింటోంది, కానీ కుట్టిన వేలికి స్పర్శ లేదు. వస్తుందో రాదో చెప్పలేనన్నారు డాక్టరుగారు. కుడిచేతి చూపుడువేలు. రేపు నారు పట్టవలసిన వేలు.

ఆ ఒడ్డుకి వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇదే. గుల్లల్లో ఎన్ని అందాలున్నాయో అన్ని గుణాలున్నాయి. చుట్టాలన్నంత మాత్రాన స్వభావం ఒక్కటి కాదు. లోపల ప్రాణమున్న గుల్లని, ఆ ఊరివాళ్లు సరేననేదాకా ముట్టకండి.

ఆమదాలవలస దాటింది, పొందూరు దాటింది. స్టేషను స్టేషనుకీ ఆ వేలు గిల్లి, "తెలిసిందా?" అంటున్నాను. "నేదు" అంటోంది. చీపురుపల్లిలో బండి ఆగినప్పుడు గోరు కాస్త గట్టిగానే దింపాను.

"అబ్బా! నొప్పమ్మా!" అని పైడమ్మ నా చెయ్యి విదిలించి కొట్టి, భోరుమంది.

ఎదుటి బల్ల మీది ఆడమనిషి మండిపడింది. "ఏటమ్మా, కన్నతల్లివేనా? గుంటని అలగ గిల్లి ఏడిపించి, పైగా నవ్వుతున్నావేటి?"

ఏడుస్తున్న పిల్లని దగ్గరికి లాక్కుని, ఆ వేలు నా కళ్లకి అద్దుకున్నాను.