సారెలో తెచ్చిన చేపలు

పోయిన వారం పన్ను నొప్పెడితే మదనపల్లెలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, నా వంతు కోసం కూర్చుని ఉండగా, గోడవారగా పెట్టిన గాజుతొట్టి మీద చూపు పడింది. అందులో అరచేతికి మించిన ఆస్కారు చేప ఒకటి, ఒళ్లంతా నలుపూ నారింజా మరకలతో, పెత్తందారులా అటూ ఇటూ తిరుగుతుంటే, చిటికెనవేలి గోరంత రంగురంగుల చేపపిల్లలు బెదురుబెదురుగా మూలల్లో నక్కుతున్నాయి. నోరు మెదిపితే నొప్పిగా ఉన్నా ఊరుకోలేక, అక్కడ పేర్లు రాసుకునే అమ్మాయిని పిలిచి, ఈ చిన్నవి ఎక్కువ రోజులు మిగలవమ్మా అన్నాను. ఆ పిల్ల తొట్టి వైపు తేరిపార చూసి, "అదేనా మేడమ్, పొద్దన ఇంకా శానా ఉండె" అంది. నవ్వితే పన్ను సలిపింది, అయినా నవ్వకుండా ఉండలేకపోయాను.

నా పెళ్లయిన కొత్తలో మా అత్తగారింట్లోనూ సరిగ్గా ఇలాంటి చేపే ఒకటి ఉండేది. దానికి తోడు కుదర్చడానికి ఇంటిల్లిపాదీ పడ్డ అవస్థ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పట్లో నా మంచిచెడ్డలన్నీ ఆ తొట్టినీళ్లలోనే తేలుతుండేవి. కొత్తకోడలి కాలు మంచిదా కాదా అని ఊరంతా కనిపెట్టి చూసే రోజులవి. నా ఈడు వాళ్లకు ఆ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను పుట్టింది కుప్పంలో. అక్కడి మా తెలుగులోకి అరవమూ కన్నడమూ పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి కాబట్టి, మెట్టినింట్లో నేను నోరు విప్పితే చాలు మా ఆడబిడ్డలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. మామయ్యకు మదనపల్లె టమోటా మండీలో కమీషన్ వ్యాపారం, బి.కొత్తకోట దగ్గర కాస్త మెట్టపొలం. ఆయన దగ్గర కాయ కొనే బెంగళూరు వ్యాపారి ఒకాయన ఇల్లు మారుతూ, మోసుకుపోలేక, తన గాజుతొట్టిని ఈయనకు అంటగట్టాడట. ఖాళీ టమోటా లారీలో గడ్డి పరిచి, దాని మీద తొట్టిని ఉంచి, పక్కనే కూర్చుని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చారని మా అత్తయ్య చెప్పి చెప్పి నవ్వేది. దాంతోపాటు వచ్చిన బొటనవేలంత ఆస్కారు పిల్ల, ఎర్రలూ రొయ్యలూ మేసి, నేను కాపురానికొచ్చే నాటికి పళ్లెమంత అయ్యింది. ఇంట్లో అందరూ దాన్ని దొర అనేవాళ్లు. మామయ్య మండీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే దొర గాజుకు మూతి ఆనించి తోక ఆడించేవాడు.

వియ్యంకుడికి చేపల పిచ్చి అని విన్న మా అమ్మ, అరిసెలూ లడ్లూ పసుపూ కుంకుమా ఎవరైనా పెడతారు, మనం పెట్టే సారె పదికాలాలు చెప్పుకోవాలి అనుకుని, మా తమ్ముణ్ణి రైలెక్కించి బెంగళూరు పంపి చిన్నచిన్న బంగారు రంగు చేపలు తెప్పించింది. అలా నేను నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచి చేత పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి అత్తవారింట్లో అడుగుపెట్టాను. అత్తయ్య తొట్టికి కుంకుమ బొట్టు పెట్టింది, ముత్తయిదువలు హారతి ఇచ్చారు, ఆ సంచిని అలాగే తొట్టిలో కుమ్మరించారు. దొరకు పిల్లలొచ్చారని అందరూ మురిశారే తప్ప, ఆ పిల్లలు దొర నోట్లో పడతాయేమో అని ఒక్కరికీ తోచలేదు. మర్నాడు సారె చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు అరిసెలు రుచి చూసి, లడ్లు మెచ్చుకుని, చేపలేవమ్మా అని అడిగేసరికి, పొట్ట ఉబ్బిన దొర ఒక్కడే తొట్టి మధ్యలో కదలకుండా నిలబడి ఉన్నాడు.

ఆ ఇంట్లో పుంగనూరు పెద్దత్త అని ఒకామె ఉండేది. మా అత్తయ్యకు అక్క. భర్త పోయినప్పటి నుంచి ఏడాదిలో సగం చెల్లెలింట్లోనే నడింట్లో మంచం వేసుకుని గడిపేది. ఆ మంచం తగలకుండా ఎవరూ ఇటునుంచి అటు పోలేరు, ఆమె మాట తగలకుండా అసలే పోలేరు. చెడ్డ మనిషి కాదు, మనసులో ఏదీ దాచుకోవడం చేతకాని మనిషి. "కోడలు తెచ్చిండేది ఒక్కపూట గూడా నిలవలేదు గదమ్మే. కాలు ఎట్లుండాదో సూసుకోండి" అనేసింది, వచ్చినవాళ్లందరి ముందే. నన్ను గట్టెక్కిద్దామని మామయ్య బెంగళూరు నుంచి, దొరకు సరిజోడు అంటూ, ఇంచుమించు దొరంత ఉన్న ఇంకో ఆస్కారు చేపను తెచ్చారు. తొట్టి అడుగున ఒక మట్టికుండ పడుకోబెట్టి ఉండేది, అది దొర నివాసం. కొత్తదానికీ ఆ కుండే కావలసి వచ్చింది. రెండూ మూతులు కరుచుకుని గుంజులాడుకున్నాయి, వారం తిరక్కముందే కొత్తది వెల్లకిలా తేలింది. ఈసారి పెద్దత్త నా పాదాల వైపు మాత్రం చూసింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇంతలో కొత్తకోట పొలంలో బోరు వేయించే పని దగ్గరపడింది. మా వాళ్లలో బోరు బండి పని మొదలుపెట్టే ముందు కొత్తకోడలి చేత ఆ చోట పాలు పోయించి, టెంకాయ కొట్టించడం ఆనవాయితీ. ఈసారి ఆ టెంకాయ అత్తయ్య కొడితే మేలేమోనని పెద్దత్త వంటింట్లో అనడం నా చెవిన పడింది. నాకు ప్రాణం చివుక్కుమంది. ఎన్నేళ్లు కాపురం చేసినా ఆ ఇంట్లో శుభానికి ముందు నిలబెట్టని కోడలిగానే మిగిలిపోతానేమోనని, పెరట్లో బట్టలు ఉతుకుతూ ఏడ్చుకున్నాను.

మామయ్య ఓదార్చే మనిషి కాదు. సాయంత్రం మండీ నుంచి వచ్చి, తొట్టి ముందు పీట వేసుకుని, నాకూ ఇంకో పీట చూపించారు. మామగారి పక్కన కోడలు కూర్చోవడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు; పెద్దత్త మంచం మీద నుంచి గట్టిగా దగ్గింది. అయినా చాలా సాయంత్రాలు మేమిద్దరం అలా కూర్చుని దొర నడవడి కనిపెట్టాం. దొరకు కోపమంతా కుండ దగ్గరే, పైనీళ్లలో ఏం కదిలినా పట్టదు. తన పోలిక కనబడితే మాత్రం ఓర్వలేడు. అద్దం చూపిస్తే అద్దం మీదికే ఉరికాడు. "నోట్లో పట్టేది నేస్తం కాదమ్మా, పోలికుండేది పగ. ఈ రొండూ గానిది యాడుండాదో ఎతకల్ల" అన్నారు మామయ్య చివరికి. అప్పుడు నాకు కుప్పంలో మా అవ్వ గుర్తొచ్చింది. కొట్టంలోకి కొత్త ఆవు వస్తే అవ్వ దాన్ని తిన్నగా తెచ్చి కట్టేది కాదు. ముందు పాత పశువులన్నిటినీ విప్పి, గూటాలు మార్చి కట్టేది, ఏదీ తన చోట లేకపోతే ఏదీ పెత్తనం చేయదని. ఈ సంగతి నేను భయపడుతూ చెబితే మామయ్య విని, తల ఊపి, వచ్చే ఆదివారం బెంగళూరు పోదాం పద అన్నారు.

మామయ్య, మా ఆయన, నేను బస్సెక్కి వెళ్లాం. చేపల అంగడాయన ఏవేవో అందమైనవి చూపిస్తుంటే, మామయ్య ప్రతిదాని ముందూ బొటనవేలూ చూపుడువేలూ చాపి, మా వాడి నోరు ఇంతుంటుందని కొలత వేసేవారు. అంగడాయన పెళ్లిచూపులకు వచ్చారా అని కన్నడంలో ఎగతాళి చేశాడు. చివరికి అరచేయంత గుండ్రంగా, వెండిలా మెరుస్తూ పైనీళ్లలో గుంపుగా చురుగ్గా తిరిగే సిల్వర్ డాలర్ చేపలు కొన్ని, రాళ్లకు పట్టిన పాచి నాక్కుంటూ ఎవరి జోలికీ పోని, ఒళ్లంతా గట్టి పెచ్చులున్న సక్కర్ చేప ఒకటి తీసుకున్నాం. తిరుగు బస్సులో ఆ సంచులు ఒళ్లో పెట్టుకుని చింతామణి దాటేదాకా నేను కాలు కూడా కదపలేదు.

ఇంటికొచ్చి, తొట్టిలో రాళ్లన్నీ తీసి వేరేగా పేర్చి, కుండను ఆ మూల నుంచి ఈ మూలకు మార్చి, దొరకు కడుపునిండా మేత పెట్టి, ఆ తర్వాతే కొత్తవాటిని వదిలాం. వదిలామో లేదో దొర ఒక పక్కకు ఒరిగి, తొట్టి అడుగున పడుకుండిపోయాడు. రెక్క ఆడదు, తోక ఆడదు. పెద్దత్త మంచం దిగి వచ్చి చూసి, "అయిపాయ, పాతోడు గూడా సచ్చిపోతాండాడు" అని తలమీద చెయ్యి పెట్టుకుంది. దొరే పోతే ఇక నా తరఫున మాట్లాడేవాళ్లు ఈ ఇంట్లో ఎవరుంటారు అనుకున్నాను. ఆ పూట ఎవరికీ అన్నం సహించలేదు. మర్నాడు అత్తయ్య అలవాటు కొద్దీ రొయ్యల గిన్నె చప్పుడు చేసిందో లేదో, దొర తటాలున లేచి గాజుకు మూతి ఆనించాడు. అడగకుండా ఇల్లు సర్దామని అలిగి పడుకున్నాడు, అంతే. నేను పొయ్యి దగ్గర కూలబడి ఏడుస్తూ నవ్వాను.

తర్వాత ఆ తొట్టిలో గొడవే లేదు. వెండి చేపలు పైన, దొర మధ్యలో, సక్కర్ కింద, ఎవరి తోవ వాళ్లది. పెద్దత్త కూడా మంచం మీద నుంచి వాటినే చూస్తూ వక్కాకు నమిలేది, మామయ్య రావడం ఆలస్యమైతే దొరకు ఆకలేస్తోందని నన్ను కేకేసేది.

బోరు రోజున ఆమే నా చేతికి టెంకాయ ఇచ్చింది. పాలు పోసి, కొట్టాను. చిప్పలు సమంగా పగిలాయి. పొద్దుగూకేదాకా బండి మోగింది, తెల్లటి దుమ్ము లేచిందే గానీ చుక్క నీరు పడలేదు. అందరం పిండిమరలోంచి వచ్చినట్టున్నాం. ఇక మాట రాక తప్పదని నేను తల దించుకుని ఓ గట్టు మీద కూర్చున్నాను. పెద్దత్త నా దగ్గరికే వచ్చింది. వచ్చి, తన కొంగుతో నా మొహం మీది దుమ్ము తుడిచి, "నేల్లో లేని నీళ్లకు నువ్వేం జేస్తావు మే. పా, అన్నం తిందువు" అంది. ఆ ఇంటికి నేను నిజంగా కోడలినైంది ఆ రోజే.

మామయ్య, పెద్దత్త, దొర, ఎవరి వేళకు వాళ్లు వెళ్లిపోయారు. ఏ చేపకు ఏది తోడో ఇప్పుడు ఫోను నిమిషంలో చెబుతుంది, ఎవరూ పీటలు వేసుకుని కూర్చోనక్కర్లేదు. కోడళ్ల కాళ్ల గురించీ ఎవరూ మాట్లాడరు. ఆ పీడ విరగడైనందుకు నాకు సంతోషమే. ఇళ్లు పెద్దవయ్యాయి, ఎవరి గది వాళ్లకుంది, ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. కానీ నోరు జారి ఒక మాట అనేసి, అది తప్పని తెలిశాక నలుగురూ చూస్తుండగా లేచి మన దగ్గరికి నడిచివచ్చే మనుషులు కూడా వాళ్లతోనే వెళ్లిపోయారు.