రాణి పెదవుల మధ్య సూదులు

ఆ రాణి ఏ క్షణంలో తల్లిగా మారింది? మా అక్క ఆడిన ఆ ఒక్క రంగం గురించి ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. జవాబు ఇప్పటికీ దొరకలేదు.

అక్క బట్టలు కుట్టేది. వీధి వైపు కిటికీ ఉన్న ఇరుకు గది, అందులో మిషను, ఇస్త్రీ బల్ల, మెడలో ఎప్పుడూ టేపు. గుడ్డ చేతిలోకి వస్తే గుండుసూదులు పెదవుల మధ్య బిగించుకునేది. అప్పుడు ఎవరేమడిగినా "ఊఁ" తప్ప మాట ఉండదు. "మీ అక్కతో పోట్లాటలో గెలవాలంటే, ఆ సూదులు నోట్లో ఉన్నప్పుడే మొదలుపెట్టాలిరా" అనేవాడు బావ.

మా ఊరి నాటక సమాజం వేషాలు కూడా అక్కే కుట్టేది. రాణి వేషం వేసే ఆవిడకు గొంతు పోవడంతో, రిహార్సల్సు చూసి చూసి మాటలన్నీ నోటికి వచ్చేసిన అక్కను నిలబెట్టారు.

అది పాత విషాద నాటకం. తిరగబడ్డ కొడుక్కి రాణి మరణశిక్ష వేస్తుంది. శిక్ష అయిపోయిందని భటుడు అతని చిరిగిన ఉత్తరీయం తెచ్చి ఇస్తాడు. న్యాయం గెలిచిందని రాణి గర్వంగా పలుకుతూ పలుకుతూ విరిగిపోయి, కేక పెట్టి కూలబడాలి. ఆ కేక కోసమే జనం వచ్చేవారు.

రిహార్సల్లో అక్కకు ఆ కేకే రాలేదు. ఉత్తరీయం చేతిలో పడగానే వేళ్లు చిరుగు అంచుల్ని వెతికి పట్టుకునేవి.

"అమ్మా తల్లీ, అది సింహాసనం, నీ కుట్టుమిషను కాదు!" అన్నారు నాటకం నడిపే మాస్టారు.

"చిరుగు కనబడితే చెయ్యి ఊరుకోదు మాస్టారూ."

"ఊరుకోబెట్టు. రేపు కేక రాకపోతే ఎల్లుండి ఇంకొకరు వేస్తారు."

ఇంటికొస్తూ, "ఒక్క అరుపే కదక్కా, అరిచేస్తే పోలా?" అన్నాను.

"నీకేంరా, కూర్చుని చూసేవాడివి. బిడ్డ గుడ్డ చేతిలో పెడితే ఎవరైనా అరుస్తారా? ముందు అది వాడిదేనా అని చూసుకోరూ?"

మర్నాడు హాలు నిండింది. నేను ముందు వరుసలో ఉన్నాను. భటుడు ఉత్తరీయం అందించాడు. "న్యాయానికి కొడుకన్న తేడా లేదు" అని అక్క ఖంగుమని పలికింది. గొంతులో వణుకు లేదు. వేళ్లు మాత్రం అప్పటికే అంచులు తడుముతున్నాయి. "ఈ రాజ్యంలో..." అంటూ చిరుగు రెండు వైపులా దగ్గరికి తెచ్చింది. అక్కడ పెదవులు బిగుసుకున్నాయి, సూదులు పట్టుకున్నట్టు. మాట ఆగిపోయింది.

మాస్టారు తెర వెనక నుంచి తర్వాతి మాట అందించారు. మళ్లీ అందించారు. నాకే వినబడింది. ఎవరూ నవ్వలేదు. అక్క పెదవుల మధ్య నుంచి లేని సూది తీసి గుడ్డకు గుచ్చింది. ఇంకొకటి తీసింది. కిరీటం నుదుటి మీదికి జారినా సర్దుకోలేదు. భటుడు కళ్లు తుడుచుకున్నాడు. అది నాటకంలో లేదు.

తెర పడ్డాక చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు.

"ఎవరండీ ఆవిడ?" అన్నాడు పక్కనాయన.

"మా అక్క" అన్నాను. అడగని వాళ్లకు కూడా చెప్పాను.

మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చారు. "ఏదీ మీ అక్క? రేపూ ఆవిడే రాణి. కేక అక్కర్లేదని చెప్పు. ఆ మిగిలిన మాటలూ అక్కర్లేదు."

వేషాల గదికి పరిగెత్తాను. కిరీటం మేకుకు వేలాడుతోంది. ఉత్తరీయం మడతపెట్టి కుర్చీ మీద ఉంది. వెనక తలుపు బార్లా తీసి ఉంది. పొద్దున్నే ఇవ్వాల్సిన బట్టలేవో ఉన్నాయి కాబోలు, చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లిపోయింది.