చిన్నన్న ఎందుకు ఓడిపోయాడు?

పద్దెనిమిది రోజులు వాదించి, వాదించిన ప్రతిచోటా గెలిచి, పంతొమ్మిదో రోజు పొద్దున నలభైమంది ముందు నా పరువు నేనే తీసుకున్న కథ ఇది. గుండెజబ్బు ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా చదవొచ్చు. దెబ్బ తగిలింది నాకు, నాకంటే ముందు మా చిన్నన్నకు. మీకొచ్చిన నష్టమేమీ లేదు.

మాది జూలూరుపాడు. మా తాత గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పత్తి, మిర్చి వేశాడు. నేను ఆ పత్తికీ మిర్చికీ పురుగుమందులమ్మే దుకాణం పెట్టాను. రైతు వచ్చి ఒక పురుగు గురించి అడిగితే నాలుగు పురుగుల జాతకం చెప్పి పంపేవాణ్ని. ఆ నోరు చూసి చుట్టుపక్కల కబడ్డీ పోటీలకు నన్ను పిలిచి మైకు చేతికిచ్చేవారు. వైరా నుంచి కొత్తగూడెం దాకా శేషు మైకు పట్టందే కూత మొదలవదని జనం చెప్పుకునేవారు. అలా చెప్పుకునేవాళ్లలో అందరికంటే ముందు నేనే ఉండేవాణ్ని.

చిన్నన్న అంటే చిన్నయ్య. మనిషి నూట ఆరు కిలోలు. పుట్టిన రోజునే పేరు పెట్టడంలో ఉన్న ప్రమాదం ఇదేనని ఆయన్ను చూసినప్పుడల్లా అనుకునేవాణ్ని. కొత్తగూడెంలో బొగ్గుగని లోపల, పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని ఆయనది. పగలంతా నెత్తిమీద కొండను ఆపి, సాయంత్రం బాక్సింగ్ క్లబ్బు రేకుల షెడ్డుకొచ్చి ఇసుక సంచిని గుద్దేవాడు. మా వైపు హెవీవెయిట్ బెల్టు నాలుగేళ్లు వరసగా ఆయన నడుము మీదే ఉంది. అంత మనిషీ కొత్తగా చేరిన పిల్లకాయల ముందు మోకాళ్ల మీద కూర్చుని, "కొట్టు బిడ్డా, ఇంకా గట్టిగ" అంటూ పొట్ట చూపించేవాడు. వాళ్లు కొడితే నిజంగా నొప్పి పుట్టినట్టు ముఖం పెట్టేవాడు. ఆ ముఖం చూశాకే నేను ఆయనకు దాసోహమన్నాను. వారానికి మూడుసార్లు దుకాణం మూసి, బండి మీద కొత్తగూడెం వెళ్లి, ఆయన తువ్వాలు పట్టుకుని నిలబడేవాణ్ని. ఆయన కూడా నన్ను సొంత తమ్ముడిలా నమ్మి, ఏ దెబ్బ ఎందుకు కొడతాడో, దాని ముందు ఏం చేస్తాడో అన్నీ విడమరిచి చెప్పేవాడు.

ఆ ఏడు క్లబ్బులో ముసలి కోచ్ పని మానుకున్నాడు. ప్రెసిడెంటు రాఘవులు సారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, చిన్నన్నతో ఒక మాటన్నాడు. ఈసారి కూడా బెల్టు నిలబెట్టుకుంటే కోచ్ నువ్వే, లేకపోతే కమిటీలో కొందరు పట్నం నుంచి ఎవరినో తెస్తామంటున్నారు, నేను ఆపలేను అని. చిన్నన్నకు అప్పటికి ముప్పై తొమ్మిది. "గుద్దుడు అయిపోయింది శేషూ, ఇగ నేర్పుడే మిగిలింది" అనేవాడు. ఆయనకు ఆ రేకుల షెడ్డూ, ఆ పిల్లలూ తప్ప వేరే కోరిక లేదు. ఆ ఒక్క కోరికా ఆ ఒక్క పోటీ మీద ఆధారపడి ఉంది. అలాంటి పోటీకి మైకు పట్టేవాడు ఎవడు? మీరు సరిగ్గానే ఊహించారు.

ఎదురు నిలిచినవాడు జోగయ్య. చర్ల అవతల అడవిలో ఒక కోయగూడెం. ఇరవై రెండేళ్లు, తొంభై నాలుగు కిలోలు, ముందు ఎవరూ పేరు కూడా వినలేదు. పరిచయం చెప్పడానికి వివరాలు కావాలని, బరువు తూచే చోటికి వెళ్లి అడిగాను. ఏ ఊరు తమ్ముడూ, ఏం చదివావు, ఎవరి దగ్గర నేర్చుకున్నావు? ఆ అబ్బాయి నా వైపు పెద్ద కళ్లతో చూసి తల అడ్డంగా ఊపాడు. పక్కనున్న మేనమామ అతనితో కోయభాషలో ఏదో అన్నాడు. అంతే, నాకు విషయం అర్థమైపోయింది. కుర్రాడికి తెలుగు రాదు. ఇలాంటివి ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకునే తెలివి నాకు పుట్టుకతోనే వచ్చింది.

గోడలకు చెవులుంటాయంటారు. రింగుకు గోడలు లేవు, తాళ్లే ఉన్నాయి కాబట్టి భయం లేదనుకున్నాను. అవతలివాడికి భాష రాదు, వచ్చిన జనానికి బాక్సింగ్ రాదు. ఇద్దరి మధ్యా జ్ఞానం ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. నాలుగు లౌడ్‌స్పీకర్ల నిండా ఆ జ్ఞానం ఒలకబోశాను.

"చూడండి, చిన్నన్న ఎడమ భుజం కొంచెం దించిండు. ఎందుకు దించిండు? ఇప్పుడు కుడిచెయ్యి వస్తది, అందుకు." "రెండడుగులు వెనక్కి వేసిండు. అలిసిండనుకుంటున్నరా? కాదు, వాణ్ని దగ్గరికి పిలుస్తుండు. పోయినోడు తిరిగి రాడు." ఇలా సాగింది. మొదటి రౌండు మధ్యలో చిన్నన్న ఒక దెబ్బకు పక్క పట్టుకుంటే, జనం కంగారు పడకూడదని, "కుడిపక్క ఎముక నెల కింద గనిల తగిలింది, ఇంకా సలుపుతున్నది. పొద్దున నేనే తైలం రాసిన. ఏం కాదు" అని ధైర్యం చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. నాకే అనుకున్నాను.

రెండో రౌండు నుంచి ఏదో తేడా వచ్చింది. చిన్నన్న భుజం దించగానే జోగయ్య తల వంగిపోయేది. చిన్నన్న వెనక్కి వేస్తే అతను ఉన్నచోటే నిలబడి ఊపిరి పీల్చుకునేవాడు. ఇక కుడిపక్క సంగతి చెప్పనక్కర్లేదు. నేను తైలం రాసిన జాగా వెతుక్కుంటూ వచ్చి మరీ కొట్టాడు. అయినా చిన్నన్న ఎంత బాగా ఆడాడో చెప్పడానికి ఇప్పటికీ నాకు మాటలు చాలవు. మూడో రౌండులో ఒకసారి కింద కూర్చున్నాడు. ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచి, గంట కొట్టేదాకా ముందుకే నడిచాడు. పాయింట్ల మీద ఓడిపోయాడు. ఓడి, వెళ్లి ఆ కుర్రాడి చెయ్యి పైకెత్తి నాలుగు వైపులా చూపించాడు. మైకు చేతిలో ఉండగానే నిజంగా ఏడ్చాను.

మర్నాటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. చిన్నయ్య ఎట్ల ఓడిండు? నాకు ఒకటి కాదు, ఏడు కారణాలు దొరికాయి. తేమకు గ్లౌజులు బరువెక్కాయన్నాను. రింగు చెక్క ఒక మూల కిందికి పోతోందన్నాను. ముందురోజు షిఫ్టు, ఎండ, రిఫరీ కళ్లజోడు, దేన్నీ వదల్లేదు. కొత్తగూడెం బస్టాండు చాయ్ హోటల్లో ఎవరైనా "వయసైపోయింది" అంటే బల్ల గుద్ది లేచేవాణ్ని. నా దుకాణానికి వచ్చిన రైతులు మందు సంగతి మర్చిపోయి రిఫరీని తిట్టుకుంటూ వెళ్లేవారు. చిన్నన్న మాత్రం ఒక్క కారణమూ చెప్పలేదు. ఎవరడిగినా, "పోరడు మంచిగ ఆడిండు" అని ఊరుకునేవాడు. నేను లేస్తే నా చొక్కా పట్టి లాగి, "కూసో శేషూ" అనేవాడు. ఎంత వినయమో అనుకునేవాణ్ని.

పంతొమ్మిదో రోజు, ఆదివారం పొద్దున, క్లబ్బులో మీటింగు పెట్టారు. కోచ్ ఎవరన్నది తేలాలి. కమిటీవాళ్లు కొందరు, వయసుతో ఓడినవాడు పిల్లలకేం నేర్పుతాడని పట్టుపట్టారు. నేను లేచి ఏడు కారణాలూ వరసగా చెప్పాను. రాఘవులు సారు ఓపిగ్గా విని, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది శేషూ. గట్టి కారణం ఒక్కటి చెప్పు" అన్నాడు. చిన్నన్న గోడకానుకుని నేల చూస్తున్నాడు. అంత మనిషి చిన్నగా కనిపించాడు.

అప్పుడు వెనక వరసలో జోగయ్య కనిపించాడు. సర్టిఫికెట్ కోసం వచ్చాడనుకున్నాను. నేను చివరి అస్త్రం తీశాను. "కొట్టినోడు ఈడనే ఉన్నడు సార్. ఆయన చెప్పాలె చిన్నన్న బలమేందో. కానీ పాపం, ఆయనకు మన భాష రాదు కద."

జోగయ్య లేచి నిలబడ్డాడు. "వస్తది సార్" అన్నాడు. "అడగండి, చెప్త."

రాఘవులు సారు రమ్మని ముందుకు పిలిచి, ఎలా గెలిచావని అడిగాడు.

"నేను గెలుస్తననుకోలే సార్. మూడు రౌండ్లు నిలబడి రా, చాలన్నడు మా మామ. ఒక నిమిషం గట్లనే దెబ్బలు తిన్న. తర్వాత మైకుల ఈ సార్ చెప్పుడు షురూ చేసిండు. భుజం దించితే కుడిచెయ్యి వస్తదన్నడు. చూసిన, నిజంగనే వచ్చింది. వెనక్కి పోతే ఎంట పోవద్దన్నడు, పోలే. ఏ పక్క నొప్పున్నదో గూడ ఆయనే చెప్పిండు. నాకు కోచ్ లేడు సార్. ఆ రోజు ఈ సారే నాకు కోచ్."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు పెద్దలు. నా విషయంలో ఆ వినేవాడు తొంభై నాలుగు కిలోలున్నాడని పెద్దలకు తెలియదు. నలభైమంది ఒకేసారి నా వైపు తిరిగారు. మా పొలాల్లో నేనమ్మిన మందుకు చావని పురుగులు కూడా ఆ చూపుకు చచ్చేవి.

మరి ఆ రోజు అడిగితే ఎందుకు మాట్లాడలేదని జోగయ్యనే నిలదీశాను. అప్పుడే పళ్లకు కొత్త గార్డు పెట్టుకున్నాడట. అది అలవాటయ్యేదాకా తీయొద్దని మామ చెప్పాడట. "భద్రాచలంల డిగ్రీ చదివిన సార్, తెలుగు మీడియం" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

తర్వాత కమిటీ వైపు తిరిగాడు. "ఆయనకు వయసైందంటున్నరు. ఏ దెబ్బ వస్తదో ముందే తెలిసి గూడ నేను సగం తప్పించుకోలేకపోయిన. మైకు లేకుంటే మొదటి రౌండులనే ఇంటికి పోతుంటి. నేను సర్టిఫికెట్‌కు రాలే సార్. ఆయన దగ్గర నేర్చుకుంటనని అడగనీకి వచ్చిన."

రాఘవులు సారు చిన్నన్నను చూశాడు. "నువ్వు గూడ మైకు విన్నవ్ కదనయ్యా?"

"అవ్ సార్, విన్న."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే? కోచ్ పనే పోతుండె కద."

చిన్నన్న నా వైపు చూసి నవ్వాడు. "చెప్తే వీడు మాట్లాడుడు బంద్ చేస్తడు సార్. వీడు మాట్లాడకుండ బతకలేడు."

ఏడుపొచ్చింది. ఈసారి మైకు లేదు కాబట్టి ఎవరికీ వినబడలేదు. పద్దెనిమిది రోజులు నా తప్పు తన మీద వేసుకుని, తన కోరిక కళ్లముందే జారిపోతుంటే చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టిన మనిషి. నాలుగు బెల్టులు గెలిచినప్పటి కంటే ఆ పూట నాకు ఆయన పెద్ద చాంపియన్‌గా కనిపించాడు. అందరి ముందూ కాళ్లు పట్టుకోబోతే, "లెవ్వు, పిల్లలు చూస్తున్నరు" అన్నాడు.

కోచ్ చిన్నయ్యే అని పది నిమిషాల్లో తేలిపోయింది. మినిట్సు పుస్తకంలో ఓటమికి కారణం అన్నచోట నా పేరు రాశారు. చరిత్రలో నా పేరు ఉండాలని చిన్నప్పటి నుంచి నాకు కోరిక. అది అలా తీరింది. ఇక మైకు ముట్టనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

ఏడాది తిరిగింది. జోగయ్య తన బెల్టు నిలబెట్టుకోవాల్సిన పోటీ వచ్చింది. అవతల కరీంనగర్ వైపు నుంచి వచ్చిన గట్టి బాక్సరు. పోటీకి గంట ముందు చిన్నన్న వచ్చి నా చేతిలో మైకు పెట్టాడు.

"అన్నా, నేను ఒట్టు పెట్టుకున్న" అన్నాను.

"నువ్వు మైకుల నిజాలే చెప్తవని ఊరంతటికీ ఎరుకే, గందుకే నువ్వే కావాలె. అవతలోనికి తెలుగు బాగ వస్తది, నేనే పోయి మాట్లాడొచ్చిన. జోగయ్య ఎడమ మోకాలు నొప్పి, ఎడమచేత్తోనే కొడ్తడు అని పదిసార్లు చెప్పు. మిగిలింది మేం చూసుకుంటం."

ఇరవైసార్లు చెప్పాను. పాపం, ఆ కరీంనగర్ అబ్బాయి రెండు రౌండ్లు జోగయ్య ఎడమచేతినే కాపలా కాశాడు. కుడిచెయ్యి ఎప్పుడొచ్చిందో అతనికి రిఫరీ చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా, నా దుకాణంలోని మందు డబ్బాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక మైకు ముందు నాకు తెలిసిన నిజం ఒక్కటి కూడా చెప్పను. మా కోచ్ గారు చెప్పమన్న అబద్ధాలే చెబుతాను.