ఒక్క బిడ్డా పోలేదని రాశాను

ఎర్రబోరు మంత్రసాని పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున కొంటాలో మా దుకాణానికి వచ్చిన ఆమె ఊరివాళ్లు చెప్పారు. నన్ను ఈ లోకంలోకి తీసిన చేతులు ఆమెవి. నిజమైన మనుషుల జీవితాలు రాస్తానని నాకు కాస్త పేరుంది. ఆమె గురించి మాత్రం అబద్ధం రాశాను.

కాన్పుకు వెళితే పెద్దమ్మ ముందుగా చేతులు కడుక్కుని పొయ్యి దగ్గర వెచ్చబెట్టుకునేది. "చల్లటి చెయ్యి తగిల్తే తల్లి బెదురుద్ది" అనేది. తల్లులతో దోర్లీలోనో గోండీలోనో మాట్లాడేది. బయటికి రాబోయే బిడ్డను మాత్రం తెలుగులోనే పిలిచేది: "రా నాయనా, రా."

ఆమె జీవితం రాద్దామని కూర్చున్న రోజు మొట్టమొదట చెప్పింది తన చేతిలో పోయిన బిడ్డ సంగతే.

"బిడ్డ అడ్డం తిరిగింది కొడుకా. దవాఖానకు పోనీకి గాడీ ఉండె. నేనే వద్దన్న. నా చేతి మీద నాకంత పొగరు. బిడ్డ దక్కలే. ముందుగాల ఇదే రాయి."

నేను రాయలేదు. ఆమె చేతిలో ఒక్క బిడ్డా పోలేదని రాశాను. పత్రికలో అచ్చయ్యాక గర్వంగా ఆమె వాకిట్లోనే చదివి వినిపించాను.

"ఆ బిడ్డేది?" అంది.

"నీ పేరు చెడుద్దని తీసేసిన పెద్దమ్మా."

"నా పేరు కోసం ఆ తల్లి కనలేదని రాస్తివా?"

పుస్తకంలో సరిచేస్తానని మాటిచ్చాను. అందరూ మెచ్చుకున్నది ఆ వాక్యాన్నే. తీయడానికి మనసొప్పలేదు. పుస్తకం అలాగే వచ్చింది. ఆ తర్వాత బస్సు ఎర్రబోరులో ఆగితే కిటికీ వైపు తల తిప్పేవాణ్ణి కాదు.

మొన్న ఎర్రబోరు వెళ్లేసరికి ఆ బిడ్డను కన్న తల్లి పెద్దమ్మ శవం దగ్గరే ఉంది. నన్ను గుర్తుపట్టి బయటికొచ్చింది.

"నీ పుస్తకం వచ్చినంక పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. 'అందుల లేకుంటే ఏంది, నాకు యాదుంది' అని నా పక్కన కూసున్నది."

"ఇప్పుడు రాయనా అక్కా?" అన్నాను.

"రాయి. ఆడపిల్ల. తలనిండ జుట్టుండె."

ఆమె లోపలికి వెళ్లింది. పెద్దమ్మ తలను ఒళ్లోకి తీసుకుని నెరిసిన జుట్టు దువ్వసాగింది. దువ్వెన ఆగిన చోటల్లా చిక్కును వేళ్లతో విడదీసింది, లాగితే నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా.