బడి నడుమ పాతిన రాజీ

చేవెళ్ల దిక్కు కరువులొచ్చాయి, గాలివానలొచ్చాయి. మూడు రోజుల మధ్యవర్తిత్వ శిక్షణ పొంది నేను తెచ్చిన విపత్తు ముందు అవన్నీ తుంపర్లు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని భూముల ధరలు పెరిగి, మొయినాబాద్ రోడ్డు పక్కన తుమ్మచెట్టుకు కూడా పొగరెక్కిన రోజులవి. అక్కడ నడుస్తున్న ఆడపిల్లల బడి కోసం ఓ పెద్దాయన రెండెకరాలు ట్రస్టుకు రాసి కన్నుమూశారు. ట్రస్టీలు ఆయన మనవలే. ఆ భూమిని ఇంజనీరింగ్ కాలేజీకి ఇద్దామని అన్న అంతిరెడ్డి, ఫామ్‌హౌసులు కట్టిద్దామని తమ్ముడు బుచ్చిరెడ్డి. కోర్టుకెక్కబోతుంటే నేను అడ్డం పడ్డాను. ఎవరు పిలిచారని మాత్రం అడక్కండి.

శిక్షణలో చెప్పినట్టే అన్నను బడిలో ఏడో తరగతి గదిలో, తమ్ముణ్ణి వంటగదిలో కూర్చోబెట్టాను. నడుమ మెహిదీపట్నం బస్సుకన్నా ఎక్కువ ట్రిప్పులు కొట్టాను.

"అంతన్నా, జర తగ్గరాదే!"

"నేనెందుకు తగ్గాలె? వాన్నే తగ్గమను!"

వంటగదికి పరుగు.

"బుచ్చన్నా, నువ్వన్న..."

"సస్తె తగ్గ! పోయి చెప్పు!"

శిక్షణ ఆవిరైంది. నాలో మా తాతలు లేచారు. మా దిక్కు అన్నదమ్ముల పోరుకు మందొక్కటే, పంపకం. గొలుసు పట్టించి భూమి కొలిపించి, బడిని సగానికి చీలుస్తూ హద్దుకు రాతి కడీలు పాతించాను. ఇద్దరూ చేతులు కలిపారు. ఆనందంతో నేనే ఏడ్చాను.

తెల్లారేసరికి టీచరమ్మ, బడి పిల్లలందరితో నా వాకిట్లో!

"ఏం సారు, ఏడో తరగతి అన్నదట, ఎనిమిది తమ్మునిదట. మరి పిల్లలేడ కూసోవాలె? కడీల మీదనా?"

"రాజీ టీచరమ్మా! ఇద్దరు ఒప్పుకున్నరు."

"బడి వాళ్ల బాపుదా ఒప్పుకోనీకి? ట్రస్టు కాయితం సదివినవా?"

చదవలేదు. ఆమె విప్పి చూపిస్తే, భూమి బడి పిల్లలదనీ, ట్రస్టీలు కావలివాళ్లు మాత్రమేననీ అందులో స్పష్టంగా ఉన్నది. చేను కావలికి పెట్టినవాళ్లకే చేను పంచిపెట్టిన మొనగాణ్ణి నేను!

అప్పుడే అన్నదమ్ములు దిగారు.

"మాకేం ఎరుక టీచరమ్మా? గీయననే పాతించిండు," అన్నాడు అంతిరెడ్డి.

"అవ్! మా అన్న వద్దన్నడు, నేను విన్న," అన్నాడు బుచ్చిరెడ్డి.

మా అన్నట, మా అన్న! పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఇక్కడ పిట్టలు రెండూ కలిసి పిల్లినే పీక్కుతిన్నాయి.

బడి బడిగానే ఉంటుందని టీచరమ్మ కాగితం రాస్తే, అంతమంది పిల్లల ముందు ఇద్దరూ సంతకాలు పెట్టారు. కిందొక షరతు కూడా చేర్చారు: "కడీలు పాతించినాయననే పీకాలె." మూడు రోజుల శిక్షణతో నాకు దక్కని ఏకాభిప్రాయం ఆ ఒక్క వాక్యం మీద క్షణంలో కుదిరింది.

పీకాను. మధ్యాహ్నానికి నడుము పట్టుకుని, ఆకాశం సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకపై రెండు మేకలు మేత కోసం కుమ్ముకుంటున్నా సరే, ఆ చేను ఎవరిదో కనుక్కోకుండా నడుమకు పోను.