రోలుకు కంచె, వీరుడికి ట్రాక్టరు

ఒక రుబ్బురోలును దేవతగా ప్రతిష్ఠించి, ఒక వీరుణ్ణి మట్టిగడ్డలతో పాటు ట్రాక్టరెక్కించిన ఘనత నాది. రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం అది జరిగిన వీధి దారిన వెళ్లాల్సివస్తే నేటికీ తలవంచుకునే వెళతాను.

నేను బడికి వెళ్లలేదు. ఎల్‌బీ నగర్‌లోని మా ఇంట్లోనే నాన్నగారు కూర్చోబెట్టి అన్నీ నేర్పారు. తెలుగు, లెక్కలు, చరిత్ర, వాటితో పాటు పసుపు బొట్టు ఎక్కడ కనబడితే అక్కడ దండం పెట్టడం. మొదటి ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లో దొరికింది. చుట్టుపక్కల ఊళ్లలోని పాత రాళ్లను, శాసనాలను కంప్యూటర్లో నమోదు చేసే చిన్న ఆఫీసు అది. బడి కాగితం లేని పిల్లను నమ్మి పని ఇచ్చిన సత్యవతి మేడమ్ పేరున రోజూ దీపం దగ్గర ఒక నమస్కారం అదనంగా పెట్టేదాన్ని. పిచ్చోడి చేతిలో రాయి అంటారు కదా, ఆవిడ నా చేతిలో ఏకంగా రాళ్ల జాబితానే పెట్టారు.

సర్వేకు వెళ్లినవాళ్లు తలా ఒక మాట రాసుకొచ్చేవారు. ఒకరికి బొమ్మరాయి, ఇంకొకరికి కత్తిమనిషి, మరొకరికి వీరుని బండ. అన్నీ ఒకటే. వాటన్నిటికీ ఒకే ఖాయమైన పేరు పెట్టకపోతే రేపు వెతికేవాళ్లకు దొరకవు. ఆ పేరు పెట్టడమే నా పని.

"ఒకే రాయికి రెండు పేర్లు సరిపోతే ఏం చేయాలి మేడమ్?"

"మొదట దాన్ని ఎందుకు చెక్కారో అదే దాని రకం అమ్మాయీ. ఇప్పుడు దేనికి వాడుతున్నారో పక్క గడిలో రాయి. అర్థమైందా?"

"అయింది మేడమ్."

కాలేదు. అడగడానికి సిగ్గేసింది.

అల్మాస్‌గూడలోని ఒక వీధి నుంచి రెండు ఫోటోలు వచ్చాయి. మొదటి రాయి నిండా పసుపు, కుంకుమ, బంతిపూలు. కుర్చీలోంచి లేచి దండం పెట్టి 'గ్రామదేవత విగ్రహం' అని కొట్టాను. రెండోదాని మీద సబ్బు నురగ. 'మనిషి బొమ్మ చెక్కి ఉంది, బట్టలు ఉతుకుతున్నారు' అని సర్వే కాగితంలో ఉంది. 'బట్టలుతికే బండ' అని కొట్టాను. ఓడలు బళ్లు, బళ్లు ఓడలు అవుతాయంటారు. నా చేతిలో పడితే అందుకు అర నిమిషం చాలు.

కొన్నాళ్లకు ఆ వీధిలో మురుగుకాలువ తవ్వకం మొదలైంది. ఏ రాయిని కాపాడాలో, ఏది తీసేయొచ్చో తవ్వేవాళ్లు మా జాబితా చూసే తేల్చారు. దేవతను చూద్దామని మేడమ్ నన్ను ఆటో ఎక్కించారు. దారిలో చంపాపేట్‌లో మూర పూలు కూడా కొన్నాను.

వీధిలో దిగగానే టిఫిన్ సెంటర్ యాదమ్మ ఎదురొచ్చింది.

"ఏంది మేడమ్ గిది? పొద్దుగాల్నుంచి నా రోలు కాడికి నన్నే రానిస్తలేరు. చట్నీ ఏడ రుబ్బాలె?"

నాలుగు కర్రలు పాతి, తాడు చుట్టి, మధ్యలో రోలును మహారాణిలా కూర్చోబెట్టారు.

"రోలా? మరి ఆ పసుపు, ఆ పూలు?" అన్నారు మేడమ్.

"దసరాకు పూజ జేస్తే పూలు వెట్టనా? నా మిక్సీకి గూడ వెట్టిన. దానికి గూడ తాడు గడ్తరా?"

సర్వేవాళ్లు దసరా మర్నాడు వచ్చారన్నమాట. మేడమ్ నా వైపు తిరిగారు. పూలు కొంగు కింద దాచాను.

"ఇక్కడే బట్టలుతికే బండ ఒకటుండాలి. ఏదమ్మా?"

"గదా? గా ట్రాక్టర్ల వోతున్నది సూడు. కత్తి వట్టుకున్నాయన ఉంటడు దాని మీద. ఆయన రొమ్ము మీదనే ఇన్నేండ్లు దుప్పట్లు రుద్దినం."

మేడమ్ ముఖం పాలిపోయింది. "అది వీరగల్లు. యుద్ధంలో చనిపోయినవాడికి ఊరు నిలబెట్టుకున్న రాయి. ఆ ట్రాక్టరు గుంతలో కుమ్మరించిందంటే ఇక దొరకదు."

పరుగెత్తాను. ఒక చెప్పు తవ్విన మట్టిలోనే ఉండిపోయింది.

"ఆపండన్నా, లోపల ఒకాయన ఉన్నాడు."

డ్రైవరు బ్రేకు తొక్కి కిందికి దూకాడు. "ఎవరక్కా? ఏడ?"

"రాయి మీద. కత్తి పట్టుకుని."

"గా బండనా? జర నిమ్మలంగ చెప్పొద్దా, పానం వోయినంత పనైంది."

నలుగురు పట్టి దించారు. కత్తి పట్టిన చెయ్యి మణికట్టు దగ్గర విరిగిపోయి ఉంది. విరిగినచోట రాయి తెల్లగా, కొత్తగా ఉంది. ఎన్ని వానలకూ చెదరని చెయ్యి అది. మేడమ్ వంగి వీరుడి ముఖం మీది మట్టి కొంగుతో తుడిచారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

యాదమ్మ ప్లేటులో ఇడ్లీలు పెట్టి నా ముందుంచింది. "ఏడ్వకు బిడ్డా, తిను. చట్నీ లేదు. రోలును కట్టేస్తివి గద."

ఆఫీసుకొచ్చి ఆ రాయి వివరాలు సరిదిద్దాను. 'నష్టానికి కారణం' అనే గడి దగ్గర చెయ్యి ఆగింది. 'పొరపాటు' అని కొట్టాను. జాబితాలో లేని మాట అని కంప్యూటరు తిప్పికొట్టింది. 'తెలియక' అన్నాను. అదీ లేదంది.

"ఉన్న మాటల్లోంచే తీసుకో అమ్మాయీ," అన్నారు మేడమ్ మెల్లగా.

ఉన్నవి నాలుగే. వాన, చెట్టు వేర్లు, మంటలు, మనుషుల నిర్లక్ష్యం. చివరిది నొక్కాను. వెంటనే కింద 'నమోదు చేసినవారు' అన్నచోట నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, దానంతటదే వచ్చి కూర్చుంది.

నన్ను పనిలోంచి తీసేయని మేడమ్ చల్లగా ఉండాలి. ఇకమీదట ఏ రాయికైనా మొక్కడం మొక్కుతాను గానీ, కడిగి నాలుగు వైపులా చూడందే దాని పేరు రాయనని, తెగిన ఆ చేతి మీద ఒట్టు.